వించ్‌తో గుంజేముందు లెక్క చూసుకోండి: బోరు మోటరు నుంచి దిగబడిన ట్రాక్టర్ దాకా



మా పెబ్బేరు దిక్కు జూరాల ఎడమ కాలువ నీళ్లు అందేకాడ వరి, అందని చెలకల్లో బోరు కింద పల్లి. అందుకే కరిగెట్లో దిగబడిన ట్రాక్టర్‌ను గుంజుడు, బోరు మోటరు లేపుడు మనకు ఎప్పుడూ ఉండే పనులే. ఇప్పుడు ఈ రెండింటికీ చాలామంది వించ్ వాడుతున్నారు. పని తేలికైంది నిజమే. కానీ తాడు తెగినా, పట్టు జారినా మనిషికే ప్రమాదం. వీడియోలో పని చేసి చూపించిన. అందులో పట్టని లెక్కలు ఇక్కడ రాస్తున్న.

వించ్ ఎట్ల పనిచేస్తది?

మన తాతల మోట బావి గుర్తు చేసుకోండి. ఎద్దులు వాలు మీద కిందికి దిగుతుంటే బొక్కెన పైకి వచ్చేది. అక్కడి గిలక బరువును తగ్గించదు, గుంజే దిక్కును మాత్రమే మారుస్తది. వించ్‌లో ఎద్దుల బదులు గేర్లుంటాయి. చిన్న పళ్ల చక్రం పెద్ద చక్రాన్ని తిప్పుతది కాబట్టి బలం పెరుగుతది, వేగం తగ్గుతది.

ముఖ్యమైన మాట: గుంజే వించ్ వేరు, ఎత్తే యంత్రం వేరు. చేతి వించ్‌లో ఒక్క రాచెట్ నాలుక మీదనే బరువు ఆగి ఉంటే, అది జారిందంటే హ్యాండిల్ గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడ్తది. పైకి ఎత్తే పనికి, హ్యాండిల్ వదిలినా బరువును తనంతట తానే పట్టి ఉంచే బ్రేకు ఉండాలి. చైన్ పుల్లీలో అది ఉంటది. మనిషిని బావిలోకి దింపడానికి మాత్రం ఈ వించ్‌లు ఏవీ పనికిరావు.

బిళ్ల మీద రాసిన బరువు ఎప్పుడు నిజం?

బిళ్ల మీద 1000 కిలోలు అని రాస్తే, అది డ్రమ్ము మీద తాడు మొదటి వరుసలో ఉన్నప్పటి లెక్క. డ్రమ్ము 6 సెంటీమీటర్లు, తాడు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. మొదటి వరుసలో తాడు మధ్య నుంచి మధ్యకు కొలత 6.8 సెంటీమీటర్లు. నాలుగో వరుసకు అది 11.6 అయితది. అంటే 1000 కిలోల వించ్ అక్కడ 590 కిలోల దగ్గరే ఆగుతది. అందుకే పెద్ద గుంజుడు ఉన్నప్పుడు తాడు ఎక్కువ వదిలి పెట్టాలి. అట్లని మొత్తం వదలొద్దు, డ్రమ్ము మీద కనీసం 5 చుట్లు ఉండాలి.

బోరు మోటరు లేపేటప్పుడు

300 అడుగుల లోతు, ఒకటిన్నర ఇంచు జీఐ పైపు అనుకుందాం. పైపు బరువు దాదాపు 325 కిలోలు. వాల్వు నీళ్లు ఆపి ఉంచితే పైపులో నీళ్లు ఇంకో 125. మోటరు, పంపు 50 నుంచి 60. మొత్తం 500 కిలోలు. ఇసుకలో, పూడికలో ఇరుక్కుంటే ఎంత పడుతదో ఎవరూ చెప్పలేరు. అందుకే కనీసం ఒక టన్ను ఎత్తే చైన్ పుల్లీ పెట్టండి. బిగుసుకుపోతే బలవంతంగా గుంజకుండా ఆపి చూడండి.

- ముందుగా పైకి చూడండి. జీఐ పైపు ఒక్కొక్కటి 20 అడుగులు ఉంటది. అది నిలబడ్డప్పుడు 11 కేవీ తీగ దగ్గరికి పోయే చోట పని మొదలుపెట్టొద్దు.
- స్టార్టరు బందు చేసుడు సరిపోదు, ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకోండి. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో సాగుకు 24 గంటల కరెంటు ఇస్తున్నరు. "ఇప్పుడు కరెంటు రాదులే" అనే ధీమా పనికిరాదు.
- మూడు కాళ్ల స్టాండు కాళ్లకు చిన్న గుంతలు తీసి, కాళ్లు విచ్చుకోకుండా గొలుసుతో కట్టండి.
- పైపు విప్పేటప్పుడు బరువు కేసింగ్ మీద క్లాంపు పట్టుకోవాలి. వించ్‌ను నమ్మి మర విప్పొద్దు.

ట్రాక్టర్ దిగబడితే

చక్రాలు రిమ్ముల దాకా దిగితే, గుంజడానికి దాదాపు బండి బరువంత బలం పడుతది. ఇది మోటు లెక్కనే. 2 టన్నుల ట్రాక్టర్‌కు 1500 కిలోల వించ్ నేరుగా చాలదు. ట్రాక్టర్‌కు గిలక కట్టి, తాడును దానిలో నుంచి తిప్పి వించ్ దగ్గర ఉన్న పట్టుకే కట్టండి. అప్పుడు వించ్ మీద సగమే పడుతది, రాపిడి వల్ల ఇంకొంచెం ఎక్కువ. ముందు చక్రాల ముందర బురద తీసి, పలకలు వేస్తే ఇంకా తగ్గుతది. స్టీరింగ్ రాడ్లకు కట్టొద్దు, కొక్కెం ఉన్నచోటే తగిలించండి.

ఇట్ల తాడు వెనక్కి తిరిగినప్పుడు గిలక మీద రెండింతల బరువు పడుతది. కొక్కెం, బెల్టు దానికి తగ్గవి ఉండాలి. చెట్టుకు కట్టాల్సి వస్తే వెడల్పు బెల్టు మొదట్లో చుట్టండి. తీగ తాడు నేరుగా కడితే మామిడి బెరడు తెగి చెట్టు పాడైతది.

జీవామృతం డ్రమ్ములు

నిండిన 200 లీటర్ల డ్రమ్ము 200 కిలోలు దాటుతది. ట్రాలీలోకి దాన్ని నిలువునా ఎత్తొద్దు. మీటరు ఎత్తుకు 4 మీటర్ల బలమైన పలక వేసి, డ్రమ్మును చక్రాల బండి మీద కట్టి గుంజితే వించ్ మీద 50, 60 కిలోలు, దాని మీద కొంత రాపిడి పడుతది. కింద వైపు ఎవరూ నిలబడొద్దు.

తాడు చూసుకునే పద్ధతి

పోగులు తెగి ముళ్లలా లేచినా, మడత పడ్డా, తుప్పు పట్టినా మార్చండి. ఉంగరం చేసేటప్పుడు కనీసం 3 క్లిప్పులు. క్లిప్పు కుర్చీ భాగం బరువు లాగే పొడవు తాడు మీద, వంపు మేకు పొట్టి కొస మీద ఉండాలి. తాడు చుట్టేటప్పుడు తోలు గ్లౌజులు వేసుకోండి, డ్రమ్ము దగ్గరికి చేతిని పోనియ్యొద్దు.

గుంజేటప్పుడు తాడు నడుమ తడి గోనె సంచి వెయ్యండి. తెగినా తాడు కొరడా లెక్క లేవకుండా ఆపుతది. తాడు ఎంత పొడవుంటే అంత దూరం పిల్లలు, పశువులు, చూసేటోళ్లు ఉండాలి. తాడును దాటొద్దు. సైగ ఇచ్చేటోళ్లు ఒక్కరే ఉండాలి, "ఆపు" అనే మాట మాత్రం ఎవరన్నా అనొచ్చు.

మీ దగ్గర ఏ వించ్ ఉంది, దేనికి వాడుతున్నరు? వీడియో కింద రాయండి. బోరు లోతు, పైపు సైజు చెబితే లెక్క కలిసి చేద్దాం.