పరుగు కోచ్‌ది, దెబ్బ డీబోది

2022 జనవరి 22. గ్రీన్ బేలోని లాంబో మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్, మంచు కురుస్తోంది. స్కోరు 10-10. ఆట ముగియడానికి నిమిషమో కాస్త ఎక్కువో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కి మూడో ప్రయత్నంలో ఏడు గజాలు కావాలి. అంత దూరం కావాలంటే మామూలుగా జట్లు బంతిని విసురుతాయి. కోచ్ కైల్ షనహన్ మాత్రం బంతిని డీబో శామ్యూల్ చేతికిప్పించి పరిగెత్తమన్నాడు. డీబో రిసీవర్. అయినా తొమ్మిది గజాలు లాగేశాడు. పడ్డవాడు వెంటనే లేవలేకపోయాడు. ఆ తర్వాత రాబీ గౌల్డ్ ఫీల్డ్ గోల్ కొట్టాడు, జట్టు 13-10తో గెలిచింది.

రిసీవర్ పని మైదానం అంచుల్లో పరిగెత్తి, విసిరిన బంతిని అందుకోవడం. రన్నింగ్ బ్యాక్ పని అదే బంతిని పొట్టకు అదుముకుని, 130 కిలోలకు పైబడ్డ మనుషుల మధ్యలోకి దూరడం. ఈ రెండో పనిలో ఒళ్లు త్వరగా హూనమవుతుంది. డబ్బూ తక్కువే. 2022లో ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని జట్టు మరో ఏడాది అట్టిపెట్టుకునే నిబంధన) కింద రిసీవర్‌కి కోటి 84 లక్షల డాలర్లు, రన్నింగ్ బ్యాక్‌కి 96 లక్షలకు అటూ ఇటూ.

2021 సీజన్‌లో మొదటి ఎనిమిది మ్యాచుల్లో అయిదు ఓడింది ఫార్టీనైనర్స్. పరిగెత్తేవాళ్లు గాయాలతో కూర్చున్నారు. నవంబరు నుంచి షనహన్ డీబోని క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబెట్టడం మొదలుపెట్టాడు. సీజన్ ముగిసేసరికి 77 క్యాచ్‌లు, 1,405 గజాలు. వాటికి తోడు 59 పరుగులు, 365 గజాలు, పరుగుతోనే ఎనిమిది టచ్‌డౌన్లు. ఒక సీజన్‌లో ఏ రిసీవరూ అన్ని చేయలేదు. తనకు తానే ‘వైడ్ బ్యాక్’ అని పేరు పెట్టుకున్నాడు.

షనహన్‌ని తప్పుపట్టడం తేలికే కానీ, ఆటపరంగా అతని ఆలోచన గట్టిది. డీబో బలం బంతి చేతికి చిక్కాక బయటపడుతుంది. మొదటి ట్యాకిల్‌కి పడిపోయే రకం కాదు. అలాంటివాడికి బంతి అందే దారులు పెంచడమే కోచ్ పని. నా పేచీ ఆ వాడకానికి కట్టిన ధర గురించి. 2019 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) రెండో రౌండ్‌లో, 36వ స్థానంలో ఎంపికైన కుర్రాడికి నాలుగేళ్లకు కలిపి దక్కిన ఒప్పందం సుమారు 72 లక్షల డాలర్లు. కెరీర్‌లోకెల్లా గొప్ప సీజన్ ఆ జీతం మీదే ఆడాడు.

2022 ఏప్రిల్‌లో తనను వేరే జట్టుకు పంపేయమన్నాడు. తనను రన్నింగ్ బ్యాక్‌లా వాడటం కూడా ఒక కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. చివరికి అదే జట్టుతో మూడేళ్లకు 7 కోట్ల 35 లక్షల డాలర్ల దాకా ఇచ్చే ఒప్పందం కుదిరింది, పరుగులకు విడిగా బోనస్‌తో. అక్టోబరులో రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ రావడంతో డీబో మీద పరుగుల బరువు తగ్గింది. డీబో మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నన్నాళ్లూ మళ్లీ ఏ సీజన్‌లోనూ క్యాచ్‌లతో వెయ్యి గజాలు దాటలేదు. 2025 మార్చిలో అయిదో రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌కి బదులుగా అతన్ని వాషింగ్టన్ జట్టుకు ఇచ్చేశారు. అప్పటికి అతని వయసు 29.

కొత్త కుర్రాళ్ల జీతం డ్రాఫ్ట్ స్థానాన్ని బట్టే దాదాపుగా ఖరారైపోతుంది. బేరానికి పెద్దగా తావుండదు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2030 సీజన్ దాకా నడుస్తుంది. తర్వాతి బేరంలో సంఘం ముందుగా అడగాల్సింది ఇదే: రిసీవర్‌గా తీసుకున్న కుర్రాడి చేత రన్నింగ్ బ్యాక్ పని చేయించిన ప్రతిసారీ, మొదటి ఏడాది నుంచే, లెక్కగట్టి చెల్లించాలి.