సర్వోపయోగ రిమోటు: దానికి సంకేతములు నేర్పు విధము

టెలివిజన్ నేడు పలాస-కాశీబుగ్గ, టెక్కలి పట్టణములయందే కాక ఉద్దానము తీరపు పల్లెలలోను సాధారణ వస్తువైనది. కేబుల్ ప్రసారములకు సెట్‌టాప్ బాక్సు అవసరమైన నాటినుండి ఒక్కొక్క ఇంట రెండేసి రిమోటులు చేరినవి. టెలివిజన్‌కు ఒకటి, బాక్సుకు ఒకటి. వీనిలో ఒకటి పగిలినను, పోయినను రెండవది ఉండియు ప్రయోజనము సగమే. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరమును దాటినది. తుపాను తాకినపుడు విద్యుత్తు పోవచ్చును. కాని దానికి ముందు ఒకటి రెండు దినములు హెచ్చరికలను వినుట తీరవాసులకు వినోదము కాదు, అవసరము. మూత్రపిండముల వ్యాధితో నీరసించి మంచముననే ఉన్నవారికి లేచిపోయి మీట నొక్కుట కూడ శ్రమయే. కనుక ఈ చిన్న పరికరము ఎట్లు పనిచేయునో, పోయినదాని స్థానమున సర్వోపయోగ రిమోటును ఎట్లు సిద్ధము చేయవలెనో తెలిసికొనుట మంచిది.

కంటికి కనబడని వెలుగు

1800లో విలియమ్ హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకము ద్వారా ప్రసరింపజేసి, ఒక్కొక్క రంగుచోట ఉష్ణమాపకమును ఉంచి చూచెను. ఎఱుపు రంగుకు ఆవల, వెలుగే కనబడని చోట, పాదరసము ఇంకను పైకెక్కెను. అచటనున్న అదృశ్య కిరణములకే పరారుణ కిరణములని పేరు.

రిమోటులు మొదటినుండి వీనిని వాడలేదు. 1955లో అమెరికాలోని జెనిత్ కంపెనీకి చెందిన యూజీన్ పాలీ మామూలు దీపపు వెలుగుతో పనిచేయు సాధనమును నిర్మించెను. సూర్యరశ్మి పడినను టెలివిజన్ దానంతట అదియే మారుట దాని లోపము. 1956లో అదే కంపెనీలో రాబర్ట్ ఆడ్లర్ అతిధ్వనులతో పనిచేయు రిమోటును రూపొందించెను. అందు మీట నొక్కగా చిన్న సుత్తి అల్యూమినియమ్ కడ్డీని తాకెడిది. దానికి సెల్లులే అక్కరలేదు. పిమ్మట పరారుణ కిరణములు వ్యాప్తిలోనికి వచ్చినవి.

నేటి రిమోటు ముందుభాగమున చిన్న దీపము వంటి అర్ధవాహక పరికరము కలదు. అది వెలువరించు కిరణముల తరంగదైర్ఘ్యము సాధారణముగా 940 నానోమీటర్లు. ఇవి గోడను దాటలేవు. అందుచేతనే ప్రక్కయింటి రిమోటు మన టెలివిజన్‌ను మార్చదు.

సంకేతభాష

సూర్యుడు, పొయ్యి, మన శరీరము కూడ పరారుణ కిరణములను వెలువరించును. వీని నడుమ రిమోటు సంకేతమును టెలివిజన్ ఎట్లు గుర్తించును? రిమోటులోని దీపము నిలకడగా వెలుగక, సెకండుకు సుమారు 38,000 పర్యాయములు వెలిగి ఆరుచుండును. గ్రాహకము ఆ వేగముతో వచ్చు స్పందనములను మాత్రమే ఏరుకొనును. కొన్ని కంపెనీలు 36,000, మరికొన్ని 40,000 స్పందనములను వాడును.

ఇక సందేశమును చూతము. జపానునకు చెందిన ఎన్.ఇ.సి. కంపెనీ పద్ధతి మిక్కిలి ప్రచారములో నున్నది. దాని మూలరూపమున మొదట 9 మిల్లీసెకండ్ల వెలుగు, తరువాత 4.5 మిల్లీసెకండ్ల విరామము వచ్చును. ఇది “వినుము” అనుట వంటిది. తరువాత 32 అంకెలు వచ్చును. అవి అన్నియు సున్నలు లేక ఒకట్లు. చిన్న వెలుగు తరువాత విరామము పొట్టిదైన సున్న, పొడవైన ఒకటి. సున్నకు మొత్తము 1.125, ఒకటికి 2.25 మిల్లీసెకండ్లు పట్టును.

ఈ 32 అంకెలలో మొదటి 8 చిరునామా. అనగా సందేశము ఏ యంత్రమునకో తెలుపును. తరువాతి 8 ఆ చిరునామానే తలక్రిందులు చేసినవి. మూడవ 8 ఆజ్ఞ. చివరి 8 ఆజ్ఞను తలక్రిందులు చేసినవి. బ్యాంకు చలానాలో పైకమును అంకెలతోను, అక్షరములతోను వ్రాసి సరిచూచుకొనుట వంటిదే ఈ ఏర్పాటు. రెండును పొసగనిచో టెలివిజన్ ఆ సందేశమును విడిచిపెట్టును.

విద్యార్థులకొక లెక్క. ఏ మీటను నొక్కినను 32 అంకెలకు పట్టు కాలము ఒక్కటే. ఎందువలన? ప్రతి అంకెకు దాని వ్యతిరేకము కూడ ఉన్నది గనుక సున్నలు 16, ఒకట్లు 16 తప్పక ఉండును. 16 × 1.125 = 18; 16 × 2.25 = 36; మొత్తము 54 మిల్లీసెకండ్లు.

క్రొత్తవారికి

సర్వోపయోగ రిమోటు అనగా అనేక కంపెనీల సంకేతములను తన జ్ఞాపకములో దాచుకొన్నది. ఫిలిప్స్ సంస్థ ఇట్టిదానిని మాగ్నావాక్స్ పేరుతో 1985లో విక్రయమునకు తెచ్చినది. మన కంపెనీ ఏదియో దానికి చెప్పుటయే మనము చేయవలసిన పని.

ముందుగా టెలివిజన్‌ను దానిపైనున్న మీటతో వెలిగింపవలెను. రిమోటుపై “సెట్” అను మీటను చిన్న దీపము వెలుగువరకు నొక్కి ఉంచవలెను. తరువాత, కాగితముపై మన కంపెనీ పేరునకు ఎదురుగా ఇచ్చిన మూడు లేక నాలుగు అంకెల సంఖ్యను నొక్కవలెను. దీపము ఆరినచో సంఖ్య అందినదని అర్థము. అప్పుడు ధ్వనిని పెంచు మీటను, చానలు మార్చు మీటను పరీక్షింపవలెను. కొన్ని మీటలే పనిచేసినచో అదే కంపెనీకి ఇచ్చిన మరియొక సంఖ్యను ప్రయత్నింపవలెను. మీటల పేర్లు, వరుస రిమోటును బట్టి కొంత మారవచ్చును.

ఇచట ఒక విషయము గమనింపదగినది. ఈ సంఖ్య టెలివిజన్‌కు పోవు సంకేతము కాదు. పుస్తకమునందలి విషయసూచికలో పుట సంఖ్య వంటిది మాత్రమే. కనుక ఒక కంపెనీ రిమోటుతో వచ్చిన సంఖ్యలు మరియొక కంపెనీ రిమోటునకు పనికిరావు.

కాగితము పోయినచో వెదకు పద్ధతి కలదు. రిమోటు తనకు తెలిసిన సంకేతములను ఒకదాని వెంట ఒకటిగా పంపును. టెలివిజన్ ఆరిన వెంటనే మీట నొక్కి ఆ సంకేతమును స్థిరపరుపవలెను. దీనికి కావలసినది ఓర్పు.

అనుభవము గలవారికి

కొన్ని రిమోటులు మరియొక రిమోటును చూచి నేర్చుకొనును. ఆపిల్ సంస్థాపకులలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ స్థాపించిన సి.ఎల్.9 సంస్థ 1987లో ‘కోర్’ అను ఇట్టి రిమోటును తెచ్చినది. నేడు సెట్‌టాప్ బాక్సు రిమోటులలో అనేకము టెలివిజన్ మీటలను ఇట్లే నేర్చుకొనగలవు. రెండు రిమోటులను ఎదురెదురుగా, కొన్ని సెంటీమీటర్ల ఎడముతో, ఎండ తగులని చోట ఉంచి, నేర్పవలసిన మీటలను ఒకదాని తరువాత ఒకటి నొక్కవలెను. పాతది పనిచేయుచుండగనే ఈ పని చేయవలెను. పోయినదానినుండి నేర్చుకొనుట అసాధ్యము. అట్టివారు అదే నమూనా టెలివిజన్ ఉన్న ఇరుగుపొరుగువారి రిమోటును అడిగి తెచ్చుకొనవచ్చును.

ఫిలిప్స్ వారి ఆర్.సి.-5 పద్ధతిలో ఒక చిక్కు కలదు. అందు 14 అంకెలలో ఒకటి మీట నొక్కినప్పుడెల్ల మారును. మీటను నొక్కి పట్టుకొన్నారో, మరల నొక్కినారో టెలివిజన్ దానివలన గ్రహించును. నేర్చుకొన్న రిమోటు ఒకే రూపమును మరల మరల పంపినచో 11వ చానలునకై నొక్కిన రెండు ఒకట్లు ఒక్కటిగానే తోచును. అట్టిచోట నేర్పుటకంటె రిమోటులో ముందే ఉన్న సంకేతమును వాడుట మేలు.

ఏసీ రిమోటు ఒక్కొక్కసారి ఉష్ణోగ్రత, పంకా వేగము మొదలగు అన్ని వివరములను కలిపి పంపును. కనుక టెలివిజన్ రిమోటు దానికి చాలదు. రేడియో తరంగములతో పనిచేయు కొన్ని క్రొత్త టెలివిజన్ రిమోటులకు కూడ పరారుణ రిమోటు పూర్తి ప్రత్యామ్నాయము కాదు.

తరగతిలో పరీక్ష

రిమోటు చెడినదా, టెలివిజన్ చెడినదా అను సందేహమును సెల్‌ఫోనుతో తీర్చుకొనవచ్చును. కెమెరాను తెరచి రిమోటు ముందుభాగమును చూపి మీట నొక్కినచో, తెరపై ఊదారంగు వెలుగు మిణుకుమనును. వెనుక కెమెరాలో కనబడకున్న ముందు కెమెరాతో చూడవలెను. కొన్ని కెమెరాలలో పరారుణ కిరణములను ఆపు గాజుపొర ఉండును. వెలుగు కనబడకున్న ముందుగా సెల్లులను పరీక్షింపవలెను. ఉప్పుగాలి తగులు తీరమున స్ప్రింగులకు చిలుము పట్టుట కలదు. గరుకు కాగితముతో మెల్లగా రుద్దినచో అనేక పర్యాయములు రిమోటు మరల పనిచేయును.

సెల్లులు తీసినపుడు నేర్చినది మరచిపోవు రిమోటులు కొన్ని కలవు. కనుక పనిచేసిన సంఖ్యను చిన్న కాగితముపై వ్రాసి సెల్లుల మూత లోపల అతికించుట మంచి అలవాటు. ఇంటిలో చదువుకొన్న పిల్లలు లేనప్పుడు కూడ పెద్దలకు అది అక్కరకు వచ్చును.