వలసవోయిన వంశముల మూలాన్వేషణము: వాషింగ్టను కుటుంబమును, కుందారపల్లి సీమయు

ఏ యింటివారినైనను మీ పూర్వులెవరని యడిగినచో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుదురు. శ్రాద్ధకర్మయందును, వివాహకాలమున ప్రవర చెప్పునపుడును ఆ మూడు తరముల పేర్లే ఉచ్చరింపబడుటచే మన జ్ఞాపకమునకు అదియే యెల్లగా నేర్పడినది. ఆ యెల్లకు ఆవల నున్నదానిని తెలిసికొనుటకు వ్రాతలు కావలెను. వంశము సముద్రము దాటినదైనచో పని మరింత కఠినము. అట్టి వంశచరిత్రకు రెండు కొనలుండును: వచ్చిచేరిన దేశమున నొకటి, విడిచివచ్చిన దేశమున నొకటి. ఈ రెండును ముడిపడనిదే వంశవృక్షము నిలువదు. ఆ ముడి యెట్లు పడునో, ఎట్లు తప్పునో ప్రసిద్ధమైన యొక యాంగ్ల కుటుంబ చరిత్రము వలన గ్రహించి, ఆ వెలుగున కృష్ణగిరి, హోసూరు ప్రాంతముల తెలుగు కుటుంబముల స్థితిని పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

వాషింగ్టను వంశము

అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రథమాధ్యక్షుడైన జార్జి వాషింగ్టనునకు 1791 చివర సర్ ఐజాక్ హెర్డు అను నాంగ్లేయుడు లండను నుండి యొక జాబు వ్రాసెను. ఆయన ఇంగ్లండులోని ఉన్నత వంశముల బిరుదచిహ్నములను, వంశవృక్షములను నిర్ణయించి భద్రపరచు కార్యస్థానమున ప్రధానాధికారి. వాషింగ్టను పూర్వు లెవరని ఆయన ప్రశ్న. 1792 మే నెలలో వాషింగ్టను ప్రత్యుత్తర మిచ్చుచు, ఈ విషయమున తాను పెద్దగా శ్రద్ధ వహింపలేదనియు, తన పూర్వులు ఇంగ్లండు ఉత్తర భాగమునందలి యేదో యొక మండలము నుండి వచ్చిరని విన్నాననియు, అది లాంకషైరో, యార్కుషైరో, అంతకన్న నుత్తరమో స్పష్టముగా జ్ఞప్తి లేదనియు తెలిపెను. ఆయన ముత్తాతయైన జాన్ వాషింగ్టను వర్జీనియా చేరి అప్పటికి నూట ముప్పదియైదేండ్లు. మహాపురుషుని యింటనే జ్ఞాపక మంతలో మసకబారినది.

హెర్డు తన యొద్దనున్న పత్రములను వెదకెను. నార్తాంప్టనుషైరులోని సల్‌గ్రేవు గ్రామమున నొక వాషింగ్టను కుటుంబ ముండెను. ఉన్ని వర్తకుడైన లారెన్సు వాషింగ్టను 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు నుండి అచ్చటి మఠపు భూములను కొనెను. ఆ వంశమున జాన్, లారెన్సు అను నిద్దరు సోదరులు కనబడిరి. వర్జీనియాకు పోయిన సోదరుల పేర్లును జాన్, లారెన్సులే. ఇక సందేహమేల యని హెర్డు ఆ యిద్దరే ఈ యిద్దరని తలచెను. తరువాతి గ్రంథకర్త లంగీకరించిరి. డెబ్బదియేండ్లకు పైగా లోకము దానినే నమ్మెను.

1866లో కర్నలు జోసెఫు చెస్టరు అను నమెరికను పరిశోధకుడు ఆ నమ్మకమును పడగొట్టెను. సల్‌గ్రేవు సోదరులలో జాన్ సర్ బిరుదము పొందినవాడు, లారెన్సు మతాచార్యుడు. వీరిద్దరును ఇంగ్లండు విడిచి పోయినవారు కారని ఆయన పత్రములతో నిరూపించెను. పేర్లు కలిసినవి గాని మనుష్యులు వేరైరి. మరి వలసపోయిన జాన్, లారెన్సు లెవరు? దీనికి సమాధానము 1889లో హెన్రీ వాటర్సు అను మరియొక అమెరికనుచే లభించెను. వా రిద్దరును ఆ మతాచార్యుడగు లారెన్సు కుమారులు. హెర్డు వెదకిన యిల్లు సరియైనదే. ఆయన తప్పినది ఒక తరము.

వాటర్సు ఈ నిర్ణయమున కెట్లు వచ్చెను? మతాచార్యుడగు లారెన్సు ఎస్సెక్సులోని పర్లీ అను నూర చర్చి యధికారిగా నుండెను. రాజునకును పార్లమెంటునకును జరిగిన అంతర్యుద్ధకాలమున, 1643లో, ఆయనను పదవి నుండి తొలగించిరి. కుటుంబము దరిద్రమున పడెను. ఆయన భార్య ఆంఫిలిస్ హెర్టుఫర్డుషైరులోని ట్రింగు అను నూర నివసించెను. ఆమె మరణానంతరము, ఆమె విడిచిన కొద్దిపాటి సొత్తును నిర్వహించు నధికారమును పెద్దకుమారుడైన జాన్‌కు ఇచ్చుచు న్యాయస్థానము వ్రాసిన పత్రము వాటర్సునకు దొరకెను. ఆ వెంటనే, 1656–57 ప్రాంతమున, జాన్ ఓడపై వర్జీనియా చేరెను. ట్రింగు చర్చి పట్టికలో 1635లో లారెన్సు అను శిశువు జ్ఞానస్నానము నమోదై యుండెను. వర్జీనియాలో మరణించిన లారెన్సు తన వీలునామాయందు ఇంగ్లండులోని ఆస్తిని కుమార్తెకు వ్రాసి యుండెను. సముద్రమునకు ఈవలి కొనయు, ఆవలి కొనయు నిట్లు కలిసినవి.

మూడు పాఠములు

ఈ వృత్తాంతము నుండి మూడు పాఠములు నేర్వవచ్చును. మొదటిది, పేర్ల పోలిక నిదర్శనము కాదు. కాలము, స్థలము, బంధుత్వములలో నొకటియైన తోడు రావలెను. రెండవది, వినికిడి యబద్ధము కాకపోవచ్చును గాని తరములను దాటవేయును. సల్‌గ్రేవు ఇంగ్లండు నడిమి భాగమున నున్నది. కాని ఆ భూములు కొనిన లారెన్సు పూర్వులు నిజముగా ఉత్తరమునందలి లాంకషైరులోని వార్టను గ్రామము వారే. కుటుంబ జ్ఞాపకము నడిమి మజిలీని మరచి, అంతకు ముందరి మజిలీని పట్టుకొన్నది. మూడవది, రహస్యము విప్పినది బిరుదచిహ్నములు కావు; ఒక పేద వితంతువు విడిచిన సొత్తునకు సంబంధించిన చిన్న కాగితము.

ఇంగ్లండున నిట్టి కాగితములు నిలిచి యుండుటకు కారణము కలదు. 1538లో థామసు క్రాంవెలు ఆజ్ఞచే ప్రతి చర్చియందును జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు పట్టికలలో వ్రాయవలసి వచ్చెను. వలస పోనివాని పేరును వలస పోయినవాని పేరును ఆ పట్టికలో పక్కపక్కనే యుండును.

బారామహలు సీమ

వాషింగ్టను చరిత్రకును కృష్ణగిరి చరిత్రకును ఒక వ్యక్తి మూలమున సంబంధము కలదు. 1781లో యార్కుటౌనున వాషింగ్టను సేనలకు లొంగిపోయిన కార్న్‌వాలిసు ప్రభువు 1786లో గవర్నరు జనరలుగా భారతదేశమునకు వచ్చెను. టిప్పు సుల్తానుతో ఆయన చేసిన యుద్ధము ముగిసి, 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధిచే కృష్ణగిరితో కూడిన బారామహలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. హోసూరు ప్రాంతము 1799లో టిప్పు మరణానంతరము చేరెను. బారామహలు పాలనకు నియుక్తుడైన కెప్టెన్ అలెగ్జాండరు రీడు, ఆయన సహాయకులలో నొకడైన థామసు మన్రో, ఊరూర భూములను కొలిపించి, పన్ను నిర్ణయించి, విస్తారముగా వ్రాతలు వ్రాయించిరి. వానిలో కొన్ని బారామహలు రికార్డులను పేర తరువాత మదరాసు ప్రభుత్వముచే ముద్రితములైనవి. ఈ సీమ కుటుంబముల చరిత్ర వెదకువారికి ఇది యొక ఆధారము; అయినను పన్ను లెక్క భూమిని చూచును గాని పుట్టుకను చూడదు.

చర్చి పట్టికలు లేని తెలుగువారికి ఆ స్థానమున నున్నవి ఇంటిపేరు, గోత్రము, ఇలవేల్పు. ఇంటిపేరు పలుమారు ఒక ఊరి పేరే యగును. ఆ యూరు కుటుంబము వెనుకటి మజిలీని తెలుపును. ఇలవేల్పు గుడి యెచ్చట నున్నదో, పుట్టువెండ్రుకలు తీయించుటకు ఏ యూరికి పోవుదురో యడిగినచో మరియొక మజిలీ తెలియును. కృష్ణగిరి, హోసూరు ప్రాంతముల తెలుగు కుటుంబములలో విజయనగర కాలమున వచ్చితిమని చెప్పుకొనువారు కలరు. వాషింగ్టను విన్న లాంకషైరు మాట వంటిదే యిదియు: నిజమై యుండవచ్చును, కాని నడిమి మజిలీలను మింగి యుండవచ్చును. ఇంటిపేరును, ఇలవేల్పును తోడు తెచ్చుకొన్నప్పుడే ఆ మాటకు బలము.

ఓడ పట్టికలు

ఈ సీమలవారు తెలుగునాటి నుండి వచ్చినవారే కాదు, సముద్రము దాటి పోయినవారును. కరవులు, ముఖ్యముగా 1876–78 నాటి మహాక్షామము, సేలం జిల్లాను తీవ్రముగా బాధించినవి. 1871 నాటి కంటె 1881 నాటికి ఆ జిల్లా జనసంఖ్య తగ్గెను. మారిషసు, నేటాలు, బర్మా, మలయా, ఫిజీ దేశములకు కూలీలుగా పోయినవారిలో తెలుగువారు కలరు. 1860 నవంబరు 16న ట్రూరో అను నోడ మదరాసు నుండి దర్బను రేవు చేరినది మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాలు చేరినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండువంతులు మదరాసు రేవు నుండి పోయినవారు.

నేటాలు ఓడ పట్టికలయందు ప్రతి మనిషికి నొక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గుర్తులు వ్రాసిరి. మారిషసున మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు వలసదారుల పత్రములును, ఛాయాచిత్రములును భద్రముగా నున్నవి. ఆవలి కొన యిట్లు బలముగా నున్నది. ఇంగ్లీషు కుటుంబములకు లభించిన దానికన్న ఇది మెరుగే యనవచ్చును. ఏలనన జాన్ వాషింగ్టను ఏ యూరివాడో తెలుపు ఓడ పట్టిక యేదియు వాటర్సునకు దొరకలేదు.

అయినను ఆ పట్టికలలో నొక గడి లేదు. అది ఇంటిపేరు. గుమాస్తా అడుగలేదు, కూలీ చెప్పలేదు. తరువాతి తరములలో నాయుడు, రెడ్డి వంటి గౌరవవాచకములో, తాత పేరో కుటుంబనామముగా స్థిరపడెను. దక్షిణాఫ్రికాలో నాయుడను పేరుగల కుటుంబము లెన్నియో కలవు. ఆ పేరుతో మూలము వెదకుట జాన్, లారెన్సులను పేర్లతో వెదకుట వంటిదే.

మిగిలినది ఊరి పేరు. అందును చిక్కులు కలవు. ఉదాహరణమునకు కుందారపల్లి వంటి యూరి పేరును తమిళ లిపి తెలిసిన గుమాస్తా విని యింగ్లీషున వ్రాసెననుకొందము. తమిళ లిపియందు క, గలకు ఒకే యక్షరము. త, దలకును ఒకటే. కావున అది కుంతార యగునో, గుందార యగునో, గుండార యగునో చెప్పరాదు. పల్లి యనునది హళ్ళి యనియో, పళ్ళి యనియో మారవచ్చును. జిల్లా సంగతి వేరు: పట్టికలో సేలం అని యుండును. కాని 1965లో సేలం నుండి ధర్మపురి జిల్లాయు, 2004లో ధర్మపురి నుండి కృష్ణగిరి జిల్లాయు వేరైనవి. సేలం అను మాటను పట్టుకొని నేటి సేలం జిల్లాలో వెదకువాడు హెర్డు వలెనే దగ్గరగా వచ్చి తప్పిపోవును.

ఈవలి కొన

దర్బను నుండియో, మారిషసు నుండియో ఒకడు ముత్తాత తండ్రి పేరు, ఊరి పేరు గల కాగితమును పట్టుకొని ఈ సీమకు వచ్చెననుకొందము. అతని కెవరు సమాధానము చెప్పవలెను? పూర్వము గ్రామ కరణము ప్రతి యింటి సంగతియు నెరిగి యుండెడివాడు. తమిళనాట ఆ వంశపారంపర్య పదవి 1980లో రద్దయ్యెను. భూమి పత్రములు కలవు గాని కూలికి పోయినవారిలో భూమి లేనివారనేకులు. ఇక మిగిలినది వృద్ధుల నోటిమాట. ఫలానా యింటి చిన్నవాడు కరవునాడు ఓడెక్కి మరలి రాలేదను మాట ఏదో యొక యింట నిలిచి యుండవచ్చును. ఆ యొక్క మాట ఆవలి పట్టికలోని వరుసకు సరిపోయినచో ముడి పడినట్లే.

కాని ఇంటిపేరు ఈవలి కొనయందును సన్నగిల్లుచున్నది. తమిళదేశపు ఆచారము ననుసరించి తండ్రి పేరు తొలి యక్షరమును మాత్రమే పేరునకు ముందు వ్రాయుట తెలుగు కుటుంబములలోను అలవాటైనది. బడి పత్రములలోను, పట్టాలలోను ఇంటిపేరు కానరాదు. వివాహ సంబంధములు చూచునపుడు మాత్రము పెద్దలు దాని నడుగుదురు. స్త్రీల పుట్టినింటి పేర్లు మరియు త్వరగా మరుగున పడును. వాషింగ్టను వంశమున ముడివేసిన కాగితము ఒక తల్లిదేయని యిచ్చట స్మరింపదగును.

నేడు అమెరికాకు పోవుచున్న తెలుగు కుటుంబములకును ఇది వర్తించును. 1965 నాటి అమెరికా వలస చట్టము తరువాత అచ్చట స్థిరపడినవారి పిల్లలకు పిల్లలు పుట్టిరి. కొందరి పత్రములలో ఇంటిపేరు చివరకు చేరినది. కొందరికి సొంత పేరే కుటుంబనామమైనది. రెండు తరముల పిదప అన్నదమ్ముల సంతానమునకు పేర్లు కలియకపోవచ్చును.

కావున చేయదగినది చిన్న పని. ప్రతి యింట నొక పుస్తకమున ఇంటిపేరు, గోత్రము, ఇలవేల్పు గుడి యున్న యూరు, తెలిసినంతవరకు పురుషుల పేర్లతోపాటు స్త్రీల పేర్లు, వారి పుట్టినిండ్లు, ఎవ రేయేట నెచ్చటికి పోయిరో వ్రాయవలెను. ఊరి పేరును తెలుగు లిపియందును వ్రాసి, పాత జిల్లా పేరును, క్రొత్త జిల్లా పేరును చేర్చవలెను. తెలిసినదానిని తెలిసినదిగా, విన్నదానిని విన్నదిగా వేరుపరచి వ్రాయవలెను. వృద్ధు లున్నప్పుడే యిది సాధ్యము. సముద్రమున కావల పట్టికలు శతాబ్దమునకు పైగా వేచి యున్నవి; వానితో కలుపవలసిన కొన కుందారపల్లి వంటి యూళ్ళలో వ్రాయబడక యున్నది.