బాయి మీద పేరు

కోనసీమలో పాత ఇంటి పెట్టె తెరిస్తే పొలం దస్తావేజులు, శిస్తు రసీదులు బయటపడతాయి. అదే గోదావరికి ఎగువన ఇల్లెందులోనో, మందమర్రిలోనో బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో ముందుగా చేతికొచ్చేవి జీతం చీట్లు, గుర్తింపు కార్డు, క్వార్టర్ ఇచ్చిన ఉత్తరం, భవిష్యనిధి నంబరు. ఆ ఇంటికి ఆస్తి అవే.

మనకు ఇదేదో దూరపు సంగతి కాదు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే బొగ్గు పొరలు మన గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతంలోని చింతలపూడి దాకా భూమి కింద పరుచుకునే ఉన్నాయి. తవ్వకం మాత్రం ఇల్లెందులో మొదలైంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గును గుర్తించాడు. అక్కడి బొగ్గు పొరకున్న కింగ్ సీమ్ అన్న పేరు ఆయనదే. 1889లో గని తెరిచారు, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. పాతవాళ్లు ఇల్లెందును బొగ్గుట్ట అనేవారు.

బాయి మీద బతుకంతా మస్టర్ల లెక్క, అంటే హాజరు లెక్క. ఏడాదికి భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు నిండితేనే జీతంతో కూడిన సెలవు దక్కేది. జ్వరంతోనూ దిగిన షిఫ్టులున్నాయి. దిగేముందు బాయి దగ్గరి మైసమ్మకు మొక్కుతారు. ఇంట్లో ఆడవాళ్లకు సైరనే గడియారం. మామూలు వేళ కాకుండా అది మోగిందంటే వాడవాడంతా బాయి దగ్గరికి పరుగెత్తేది.

ఈ కాగితాల్లో నన్ను ఎక్కువగా కలచివేసేది పేరు. వెనకటి రోజుల్లో పని దొరకడమే గగనం. పిలుపు ఒకరికొస్తే ఆ పేరుతో ఇంకొకరు చేరిపోయేవారు. ఊళ్లో మల్లయ్య, బాయి మీద రాజయ్య. ముప్ఫై ఏళ్లపాటు ఆ పేరుకే మస్టరు పడింది, ఆ పేరుకే జీతం వచ్చింది, దెబ్బ మాత్రం మల్లయ్య ఒంటికే తగిలింది. కొడుకు బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు మల్లయ్య. తండ్రి ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయినప్పుడో, కన్నుమూసినప్పుడో కొడుకు ఆయన బదులు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, నువ్వు రాజయ్య కొడుకువేనా అని అడుగుతారు. సింగరేణిలో ‘మారుపేర్ల సమస్య’ అంటే ఇదే. ఎన్నికలొచ్చినప్పుడల్లా యూనియన్ల హామీల్లో దానికి చోటుంటుంది. నా దృష్టిలో ఇది మోసం కాదు. బొగ్గు తవ్వినవాడు అతనే, ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపుకున్నవాడూ అతనే. తోటి కార్మికుల మాట, ఊరి పెద్దల మాట సాక్ష్యంగా తీసుకుని ఆ కుటుంబాలకు న్యాయం చేయాలి.

ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలకు తగ్గారు. ఓపెన్‌కాస్టులు పెరిగాయి, భూగర్భ గనులు మూతపడుతున్నాయి. రిటైరైనవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి సొంతూళ్లకు వెళ్తుంటే పెట్టెలూ వాళ్లతోనే పోతున్నాయి. కొన్నిటిని చెదలు తింటాయి, కొన్ని పాత కాగితాల కింద తూకానికి పోతాయి. కంపెనీ చరిత్రకు కంపెనీ రికార్డులున్నాయి. ఈ చీట్లకు మాత్రం ఇంటివాళ్లే దిక్కు. కొత్తగూడెంలోనో, గోదావరిఖనిలోనో ఒక గది చాలు. కుటుంబాల అనుమతితో వీటిని స్కాన్ చేసి, ప్రతి కాగితం పక్కన ఆ మనిషికి ఊళ్లో ఉన్న పేరూ, బాయి మీద ఉన్న పేరూ రెండూ రాయాలి. చెప్పగలిగిన ముసలివాళ్లు ఉండగానే ఆ పని మొదలుపెట్టాలి.