హైదరాబాద్‌లో మంచి తిండి సరుకు ఎక్కడ? షాపు చూడాలా, తేదీ చూడాలా?

సిటీ నుంచి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, ధర ఎక్కువైనా పర్లేదు, నమ్మకంగా మంచి సరుకు దొరికే షాపులు చెప్పు" అని. రైతులేమో "మన బియ్యం ఆ పెద్ద షాపుల్లో పెట్టాలంటే ఎట్లా?" అంటారు. రెండింటికీ కలిపి ఒక రోజంతా హైదరాబాద్ తిరిగి తీసిన వీడియో ఇది. కెమెరా ముందు చెప్పడం కుదరనివి ఇక్కడ రాస్తున్నా.

పొద్దున్నే మొజంజాహి మార్కెట్ దగ్గర మొదలుపెట్టాం. 1935లో నిజాం కాలంలో కట్టిన రాతి మార్కెట్ అది. దాని దగ్గరే హమీదీ కన్ఫెక్షనర్స్ ఉంది. అక్కడి జౌజీ హల్వా కోసం దూరం నుంచి కూడా వస్తారు. పేరులోని జౌజ్ అంటే జాజికాయ అని చెప్తారు. అసలు సంగతి మాత్రం గోధుమలో ఉంది. గోధుమల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి చేస్తారు. దాన్ని పాలు, చక్కెర, నెయ్యితో గంటల తరబడి కలుపుతూ వండుతారు. రైతుగా నాకు నచ్చింది ఆ మొలక దగ్గరే. మొలక రావాలంటే గింజ బతికి ఉండాలి కదా! ముక్కిపోయింది, పురుగు తిన్నది మొలకెత్తదు. అంటే ఈ వంటలో గింజకు పరీక్ష ముందే అయిపోతుంది.

కరాచీ బేకరీ గురించి కొత్తగా చెప్పేదేముంది. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో ఇక్కడ పెట్టారు. ఫ్రూట్ బిస్కట్ ఒక ప్యాకెట్ కొన్నాం. ఆబిడ్స్‌లో పుల్లారెడ్డి నేతి మిఠాయిలు కూడా చూశాం. 1948లో కర్నూలులో మొదలైన పేరు అది. ఈ పాత కొట్లలో నేను గమనించింది, సరుకు నిలవ ఉండదు. వచ్చింది వచ్చినట్టే వెళ్లిపోతుంది.

బేగంబజార్‌లోనూ అంతే. ఎండుమిర్చి, చింతపండు, యాలకులు, జీడిపప్పు, అన్నీ మూటల్లోనే. చేత్తో తీసుకుని వాసన చూసి బేరం ఆడొచ్చు. అందమైన సీసాలు ఉండవు, పార్కింగ్ అసలే ఉండదు. మిరపకాయ తుంచితే ఘాటు తెలిసిపోతుంది. సీసాలో పోసి సీలు వేసిన కారంతో ఆ పని కాదు.

మధ్యాహ్నం ఏసీ ఉన్న ఆర్గానిక్ షాపులకు వెళ్లాం. ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. మూడేళ్ల కింద నేను పండించిన నవార బియ్యం రెండు క్వింటాళ్లు ఒక పెద్ద షాపుకు ఇచ్చాను. పేరు వద్దులెండి. అమ్ముడుపోతేనే డబ్బు, అందులో 35 శాతం వాళ్లకు. సరేనన్నా. నాలుగు నెలల తర్వాత ఫోన్ వచ్చింది, "మీ సరుకు తీసుకెళ్లండి" అని. 92 కిలోలు తిరిగొచ్చింది, నిండా పురుగు! మా ఆవిడ ఆ ప్యాకెట్లు చూసి ఏమీ అనలేదు, చేట తెచ్చుకుని కూర్చుంది. చెరిగిందంతా చివరికి కోళ్లకే పోయింది.

తప్పు వాళ్లొక్కరిదే కాదు. పాలిష్ పట్టని బియ్యంలో తవుడు ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది. నాలుగు నెలలు అద్దాల బీరువాలో పెడితే ముక్క వాసన, పురుగు రావడం ఖాయం. రెండు క్వింటాళ్లూ ఒకేసారి మర ఆడించి ఇచ్చింది నేనే కదా. సజ్జ పిండి అయితే ఇంకా తొందర, కొద్ది రోజులకే చేదెక్కుతుంది.

అందుకే షాపుకు వెళ్తే బోర్డు కంటే ముందు తేదీ చూడండి. ప్యాకింగ్ తేదీ కాదు, మర ఎప్పుడు ఆడించారో అడగండి. చెప్పగలిగితే మంచి షాపే. ఆర్గానిక్ అని రాసి ఉంటే అధికారిక ఆర్గానిక్ గుర్తు ఉందేమో చూడండి. దాని వెనక ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ ఇండియా గానీ సర్టిఫికెట్ ఉండాలి.

ధర దగ్గర చిన్న లెక్క వేసుకోండి. లీటరు గానుగ పల్లీ నూనెకు రెండున్నర కిలోల దాకా పల్లీలు పడతాయి. చెక్క అమ్మితే కొంత వస్తుంది, నిజమే. కానీ రెండు కిలోల పల్లీల ధరకే లీటరు నూనె ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. ఆవు నెయ్యి కిలోకు 25 లీటర్ల పైనే పాలు కావాలి. బెల్లం మరీ పసుపుగా మెరుస్తుంటే హైడ్రోస్ వేశారేమో అడగండి. మంచి బెల్లం చాలావరకు ముదురు రంగులోనే ఉంటుంది.

సాయంత్రం ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లాం. 1999లో మొదలైన పథకం ఇది. గౌర్మెట్ అనే మాట ఇక్కడ ఎవరికీ తెలియదు, కానీ పొద్దున కోసిన తోటకూర దొరుకుతుంది. అమ్మే మనిషినే "ఏ మందు కొట్టావ్?" అని మొహం మీద అడగొచ్చు. ఒక పెద్దమ్మ నవ్వి "కొట్టినప్పుడు కొట్టిన్నని చెప్తా బిడ్డా, ఈసారి కొట్టలే" అంది. వీడియోలో ఆమె మాట ఉంది, తప్పకుండా వినండి.

ఇప్పుడు నేను వడ్లు వడ్లుగానే ఉంచుతున్నా. పొట్టుతో ఉంటే గింజ ఏడాదైనా చెడదు. పదిహేను రోజులకోసారి 25 కిలోలు మాత్రం ఆడించి, ప్యాకెట్ మీద మర తేదీ పెన్నుతో రాసి ఒక చిన్న కొట్టుకు ఇస్తున్నా. డబ్బు అక్కడికక్కడే. మొన్న ఆ కొట్టాయన ఫోన్ చేసి, "తేదీ పెద్దగా రాయండి, మా కస్టమర్లు అదే వెతుకుతున్నారు" అన్నాడు. ఈసారి లావు మార్కర్ కొన్నాను.