గుర్తు ఉంది... చదివేదెవరు?

ఏడాది, ఏడాదిన్నర దాకా అందరు పిల్లల్లాగే ఆడుకుంటుంది. ఒకటీ రెండు ముద్దుమాటలూ నేర్చుకుంటుంది. ఆ తర్వాత... వచ్చిన మాటలు పోతాయి. బొమ్మలు పట్టుకున్న చేతులు బట్టలు పిండుతున్నట్టు ఒకదాన్నొకటి నులుముకుంటూనే ఉంటాయి. అదే రెట్ సిండ్రోమ్. దాదాపు పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది. ఆస్ట్రియా వైద్యుడు ఆండ్రియాస్ రెట్ 1966లో దీని గురించి రాశారు. కారణం తెలియడానికి మాత్రం మరో 33 ఏళ్లు పట్టింది.

నోరు మూయించే ప్రొటీన్

మన కణాలన్నింటిలోనూ ఉండేది దాదాపు ఒకే డీఎన్ఏ. అందులో సుమారు 20 వేల జన్యువులు. అన్నీ అన్నిచోట్లా పనిచేస్తే ఎలా? మెదడు కణానికి కాలేయం పనులతో పనేంటి! అందుకే, అక్కర్లేని జన్యువుల్ని నిద్రపుచ్చడానికి శరీరం వాడే పద్ధతుల్లో ఒకటి మిథైలేషన్. డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ గుర్తు తగిలిస్తుంది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులు... అంతే!

గుర్తు పెడితే సరిపోదుగా, చదివేవాళ్లూ ఉండాలి. ఆ పని చేసే మెక్‌పీ2 అనే ప్రొటీన్‌ని బ్రిటన్ శాస్త్రవేత్త ఏడ్రియన్ బర్డ్ బృందం 1992లో గుర్తించింది. ఇది ఒక భాగంతో మిథైల్ గుర్తును పట్టుకుంటుంది. మరో భాగంతో తోటి ప్రొటీన్లను పిలుస్తుంది. అవి వచ్చి, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ల మీది ఎసిటైల్ గుర్తుల్ని తొలగిస్తాయి. దాంతో ఆ చుట్ట బిగుసుకుంటుంది. జన్యువు నోరు మూతపడుతుంది.

1999లో అమెరికాలోని బేలర్ వైద్య కళాశాలలో హుడా జోగ్బీ బృందం అసలు గుట్టు విప్పింది. రెట్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మెక్‌పీ2 జన్యువే దెబ్బతింది! గుర్తులు ఉన్నాయి, చదివే ప్రొటీన్ సరిగా లేదు. ఈ లోపం చాలావరకు అప్పటికప్పుడు కొత్తగా వచ్చేదే. తల్లి తిన్న తిండో, చేసిన పనో కారణం కాదు.

ఎలుకలు చెప్పిన కబురు

2007లో బర్డ్ బృందం, జబ్బు ముదిరిన ఎలుకల్లో ఆగిపోయిన మెక్‌పీ2 జన్యువును తిరిగి పనిచేయించింది. అవి చాలావరకు కోలుకున్నాయి! అంటే, నాడీకణాలు చచ్చిపోలేదన్నమాట.

2023లో అమెరికా అనుమతించిన ట్రోఫినెటైడ్ ఈ జబ్బుకు తొలి మందు. లక్షణాలను కొంత తగ్గిస్తుందే కానీ నయం చేయదు. మంచి జన్యువును అందించే చికిత్సల మీదా మనుషుల్లో ప్రయోగాలు మొదలయ్యాయి. చిక్కల్లా మోతాదుతోనే. ఈ ప్రొటీన్ ఎక్కువైనా మెదడుకు చేటే. కూరలో ఉప్పులా... తగ్గకూడదు, మించకూడదు!