నేరారోపణయు, వార్తయు

“ఫలానా వానిని పోలీసులు పట్టుకొనిరట” అని వినగానే, “అయితే వాడే చేసియుండును” అనుకొనుట మనకు పరిపాటి. నిజమునకు అరెస్టు దర్యాప్తులో ఒక మెట్టు మాత్రమే. ప్రథమ సమాచార నివేదిక యనగా పోలీసులకు అందిన ఫిర్యాదునకు లిఖితరూపము. అందలి మాటలు నిజమని ఎవ్వరును ఇంకను తేల్చలేదు. పోలీసు అధికారి యెదుట నేరము నొప్పుకొన్నట్లు వ్రాసిన కాగితమును ముద్దాయిపై సాక్ష్యముగా కోర్టు స్వీకరింపదు. 1872 నాటి సాక్ష్యచట్టములోని ఈ నియమమును, 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము గూడ నిలుపుకొన్నది. బాధకు తాళలేక మనుష్యుడు చేయని పనిని చేసితినని యనవచ్చును గదా! కోర్టులో చెల్లని ఆ కాగితమే మరునాడు పత్రికలో పెద్ద అక్షరములతో అచ్చగుచుండును.

ఈ ఆపద పేరు ప్రతిష్ఠలు గలవారిని సైతము విడువదు. శ్రీ నంబి నారాయణన్ మన అంతరిక్ష పరిశోధన సంస్థలో శాస్త్రజ్ఞులుగా నుండిరి. వారి బృందము రూపొందించిన ‘వికాస్’ ఇంజను పి.ఎస్.ఎల్.వి. రాకెట్టునకు రెండవ దశలో బలము నిచ్చునది. ఆ రాకెట్టు శ్రీహరికోట నుండి తొలిసారి విజయవంతముగా ఎగసినది 1994 అక్టోబరు 15న. సరిగా ఐదు దినముల తరువాత తిరువనంతపురములో, గడువు దాటియు దేశములో నున్నదని మాల్దీవులకు చెందిన ఒక స్త్రీని పోలీసులు నిర్బంధించిరి. వీసాకు సంబంధించిన ఆ చిన్న కేసు కొలది వారములలో గూఢచర్యగాథగా పెరిగెను. నవంబరు 30న నారాయణన్ గారిని అరెస్టు చేసిరి. రాకెట్టు రహస్యములను విదేశీయులకు అమ్మిరని ఆరోపణ.

విచారణ గదిలోని ముచ్చట్లు పత్రికల కెక్కెను. ‘విశ్వసనీయవర్గముల భోగట్టా’ చాటున కథ దినదినము క్రొత్త చేర్పులతో వెలువడెను. పోలీసులు చెప్పినదానిని పత్రిక వ్రాయును; పత్రిక వ్రాసినదానిని లోకము నమ్మును; లోకము నమ్మిన పిదప పోలీసులకు వెనుకకు మరలుట దుర్ఘటము. ఈ చక్రము తిరుగుటకు అందరును అబద్ధమాడ నక్కరలేదు, ఎవ్వరును ప్రశ్నింపకున్న చాలును. అమ్మిరనిన రహస్యములలో ముఖ్యమైనది క్రయోజెనిక్ ఇంజను విజ్ఞానము. అప్పటికి మన దేశమున ఆ ఇంజనే తయారు కాలేదు. దానిని నేర్పుటకు ఒప్పుకొన్న రష్యా, అమెరికా ఒత్తిడి వలన 1993లో వెనుదీసెను. మనవారు స్వయముగా నిర్మించినది జయప్రదముగా ఎగిరినది 2014 జనవరిలో. చేతిలో లేని సొత్తును అమ్ముట యెట్లు? సాయంకాలములోగా శీర్షిక కట్టవలసిన వారికి ఈ సందేహము తట్టలేదు.

ఆయన ఏబది దినములు నిర్బంధములో నుండిరి. ఆరోపణలు నిరాధారములని సి.బి.ఐ. 1996లో కోర్టునకు నివేదించెను. అయినను కేరళ ప్రభుత్వము మరల దర్యాప్తునకు పూనుకొనగా, 1998లో సుప్రీంకోర్టు దానిని కొట్టివైచెను. 2018 సెప్టెంబరు 14న అదే న్యాయస్థానము ఆ అరెస్టు అనవసరమైనదని చెప్పి, ఏబది లక్షల రూపాయల పరిహారము నిప్పించెను. మరుసటి సంవత్సరము పద్మభూషణ్ బిరుదము వచ్చెను. అరెస్టు నాటికి ఆయన వయస్సు ఏబదిరెండు. పరిహారము నాటికి డెబ్బదియారు.

మన భాషలోనే ఒక చిత్రము గలదు. ‘ముద్దాయి’ యనగా ఉర్దూలో ఫిర్యాదు చేసినవాడు. అదే మాట తెలుగులోనికి వచ్చుసరికి ఫిర్యాదునకు గురియైనవా డయ్యెను! ‘నిందితుడు’ అన్నను అంతియే. అది నింద పడినవాడని చెప్పునే గాని, తప్పు చేసినవాడని చెప్పదు. ఆ భేదము వినువారి చెవికి అందుట లేదు.

మా రేడియోవారి యిబ్బంది మరియొకటి. పత్రికను చదువరి మరల విప్పి చూడవచ్చును. మేము పలికిన పేరు ఒక్కసారి గాలిలో కలిసినచో, మరునాడు మేము చేయు సవరణ వేళకు ఆ శ్రోత రేడియో కడ నుండవలెనని యేమున్నది? అందుచేతనే ‘దొంగ పట్టుబడెను’ అని వచ్చిన వార్తను ‘దొంగతనము చేసెనను ఆరోపణపై ఒకనిని అరెస్టు చేసిరి’ అని మేము దిద్దుచుందుము. చదువుటకు నిడివి యెక్కువ, రుచి తక్కువ. బులెటినులో రెండు మూడు క్షణములు పోవును. ఆ తొందరలో మేమును ఎన్నియోసార్లు పొట్టిమాటకే లొంగితిమని ఒప్పుకొనవలెను.

నారాయణన్ గారి కేసునకు సంబంధించి పూర్వపు పోలీసు, ఇంటెలిజెన్సు అధికారులు పదునెనిమిది మందిపై సి.బి.ఐ. 2021లో కేసు పెట్టెను. 2024లో వారిలో కొందరిపై అభియోగపత్రము దాఖలు చేసెను. ఆ వార్త చదివి కొందరు శ్రోతలకు, “తగినశాస్తి జరిగెను” అనిపించియుండును. మాకును ఒక్క క్షణము అట్లే తోచెను. పిదప చేతిలోని కాగితమును మరల చూచితిమి: అందున్నది ‘అభియోగము’ అను మాటయే.